తిరిగిరాక, సంధి, భూమి: రావి నారాయణరెడ్డి స్మృతిగ్రంథం – ఒక పరిశీలన

తెలంగాణ సాయుధ పోరాటాన్ని వస్తువుగా స్వీకరించిన సాహిత్యంపై విమర్శ విస్తారంగానే వచ్చింది. ‘మా భూమి’ నాటకం మొదలు దాశరథి రంగాచార్యుల నవలల వరకు పోరాటం ఎట్లా పుట్టింది, ఎట్లా పెరిగింది అన్నదే ఆ విమర్శకు ప్రధానమైన ప్రశ్న. పోరాటం ఎట్లా ఆగింది అన్న ప్రశ్నను సాహిత్య పరిశోధన చాలావరకు రాజకీయ పక్షాలకు వదిలివేసింది. 1951 అక్టోబరులో జరిగిన విరమణ వివేకమా, ద్రోహమా అని ఆ పక్షాలు దశాబ్దాలుగా వాదించుకుంటూ వచ్చాయి. ఆ వాదంలో ఒక కొసన నిలిచిన గ్రంథం రావి నారాయణరెడ్డి ‘వీర తెలంగాణ – నా అనుభవాలు, జ్ఞాపకాలు’. ఆయుధం పట్టమని పిలుపునిచ్చిన వ్యక్తే ఆయుధం దించమని వాదించడం దీనిలోని విశేషం. దీనిని పార్టీ చరిత్రకు ఆకరంగా వాడుకున్నవారు ఎక్కువ, స్వీయకథనంగా చదివినవారు తక్కువ. ఇల్లు విడిచి అన్యప్రాంతాల్లో తలదాచుకున్న మనిషి సంధివాక్యం పలికేటప్పుడు అతని కథనం దేనిని చెబుతుంది, దేనిని దాటవేస్తుంది అన్న విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పదాల సంగతి. ఊరు విడిచి పోవలసివచ్చిన మనిషికి తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి. ‘కాందిశీకుడు’ అన్న తత్సమంలో ఏ దిక్కుకు పోదునన్న ప్రశ్నే రూపుకట్టి ఉంది. ‘శరణార్థి’లో అడిగే చెయ్యి కనిపిస్తుంది. ‘నిర్వాసితుడు’ ప్రాజెక్టుల కాలంలో స్థిరపడిన ప్రభుత్వపు మాట. తెలంగాణ పోరాట స్మృతుల్లో ఈ మూడింటికన్నా బలంగా వినిపించేది ‘అజ్ఞాతవాసం’. రహస్య జీవితానికి కమ్యూనిస్టులు ఈ మాటను వాడుకున్నప్పుడు దానితో పాటు విరాటపర్వం నీడ కూడా వచ్చి చేరింది. కాందిశీకుడికి దిక్కు తెలియదు; అజ్ఞాతవాసికి గడువు తెలుసు, గడువు తీరిన తర్వాత అడగవలసిన భాగమూ తెలుసు. పోరాటకారులు తమను శరణార్థులుగా ఎందుకు చెప్పుకోలేదో ఈ పదమే సూచిస్తుంది. సరిహద్దు దాటిన సామాన్య కుటుంబాలకు మాత్రం ‘అజ్ఞాతవాసం’ అన్న గౌరవం దక్కలేదు. ఈ పదభేదం స్మృతిసాహిత్యమంతటా పనిచేస్తూ ఉంటుంది.

నల్లగొండ భౌగోళిక స్థితి కూడా ఈ కథలో పాత్రధారి. నిజాం రాజ్యంలోని ఆ జిల్లా నడుమ మునగాల పరగణా బ్రిటిషు పాలనలోని కృష్ణా జిల్లా భాగంగా ద్వీపంవలె ఉండేది. రజాకార్ల దాడుల కాలంలో పరగణా పొలిమేర దాటితే రాజ్యం మారేది, చట్టం మారేది. అటునుంచి బెజవాడ చేరితే సంఘానికీ పార్టీకీ కావలసిన అచ్చు, ఆశ్రయం, సంపర్కం దొరికేవి. పాలమూరు వారికి తుంగభద్ర అవతలి గట్టున కర్నూలు అదే విధమైన వేరే రాజ్యం. అలంపురం మెట్ల మీద నిలుచున్నవాడికి అవతల మరొక ప్రభుత్వం ఉన్నదన్న స్పృహ ఆ ప్రాంతపు రాజకీయాల్లో ఎప్పుడూ ఉంది.

అయితే 1946–51 మధ్య ఈ పల్లెలనుంచి వెళ్లిపోయినవారు ఒక్క తెగ కారు. నిజాం పోలీసులకూ రజాకార్లకూ దొరకకుండా పోయిన సంఘం మనుషులు మొదటివారు. సంఘం బలపడిన గ్రామాల్లో గడీలు వదిలి హైదరాబాదు చేరిన దేశముఖులు రెండవవారు. 1948 సెప్టెంబరు తర్వాత ప్రాణభయంతో ఊళ్లు విడిచిన ముస్లిం కుటుంబాలు మూడవవారు. ఈ ముగ్గురి ప్రయాణాల కారణాలు ఒకటి కావు, నైతికంగా వాటిని ఒకే తూకంలో వేయడమూ కుదరదు. కాని ‘శాంతి’ అన్న మాట వినిపించిన ప్రతిసారీ అది వీరిలో ఎవరి తిరిగిరాకను ఉద్దేశిస్తున్నదని అడగడం అవసరం. రావి నారాయణరెడ్డి గ్రంథాన్ని చదవడానికి ఈ ప్రశ్నకన్నా పదునైన పనిముట్టు లేదు.

భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో 1908లో భూస్వామ్య కుటుంబంలో జన్మించిన నారాయణరెడ్డి ప్రజాజీవితం తుపాకితో మొదలుకాలేదు. హైదరాబాదు సంస్థానంలో హరిజన సేవక సంఘం కార్యదర్శిగా ఆయన తొలి పని గాంధేయ మార్గంలో సాగింది. 1941లో హుజూర్‌నగర్ తాలూకా చిలుకూరులో జరిగిన ఆంధ్రమహాసభకు, 1944లో భువనగిరిలో జరిగిన మహాసభకు ఆయన అధ్యక్షుడు. భువనగిరి సభతో మితవాదులు వేరుపడ్డారు. విజ్ఞాపనల సంస్థ వెట్టిచాకిరిపై తిరగబడే ‘సంఘం’గా మారింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1947 సెప్టెంబరు 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురిలో బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో పాటు ఆయనా ఉన్నాడు. ఈ క్రమాన్ని గుర్తుంచుకుంటే 1948 తర్వాత ఆయన తీసుకున్న వైఖరిని కేవలం వెనుకంజగా చెప్పడం తొందరపాటు అవుతుంది. కలుపుకొని పోవడమన్నది ఆయనకు ఆపత్కాలంలో తట్టిన ఉపాయం కాదు, పాత అలవాటు. ఆంధ్రమహాసభను ఆయన చూసిన తీరే వేరువేరు వర్గాలను నిజాముకు వ్యతిరేకంగా ఒక్కచోట నిలబెట్టిన వేదికగా.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. అక్కడినుంచి వాదం మొదలవుతుంది. నిజాం కూలడంతో పోరాటానికి ఉన్న విశాల ప్రాతిపదిక చెదిరిపోయిందనీ, నిన్నటివరకు సాయపడిన ధనిక రైతులు, జాతీయవాదులు ఇక వెంట రారనీ, రజాకార్లను ఎదిరించిన ఆయుధాలతో ఒక దేశపు సైన్యాన్ని ఎదిరించడం ప్రజలను బలిపెట్టడమేననీ నారాయణరెడ్డి వాదం. పోరాటం ఇంకా నడుస్తుండగానే ఆయన ‘తెలంగాణ నగ్నసత్యాలు’ ప్రకటించాడు. సహచరులకది శత్రువుకు ఆయుధం అందించడంగా తోచింది. పుచ్చలపల్లి సుందరయ్య ‘వీర తెలంగాణ విప్లవ పోరాటం – గుణపాఠాలు’ ఈ వాదానికి సవిస్తరమైన జవాబు. సైన్యం వచ్చింది నిజామును దించడానికే కాదు, భూస్వాములను నిలబెట్టడానికి కూడా. ఆయుధాలు దించితే పేదలు పంచుకున్న పది లక్షల ఎకరాల భూమిని ఎవరు కాపాడతారని సుందరయ్య ప్రశ్న.

పరస్పరం ఖండించుకునే ఈ రెండు గ్రంథాలూ 1970ల మొదటి భాగంలో, పోరాటానికి పాతికేళ్లు నిండుతున్న కాలంలో, పార్టీ చీలిక తర్వాత వచ్చాయి. రెండింటి శీర్షికల్లోనూ ‘వీర తెలంగాణ’ ఉండడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. విరమణను కోరినవాడు వీరత్వాన్ని వదులుకోలేదు. కొనసాగింపును సమర్థించినవాడు దానిని తన సొత్తుగానే భావించాడు. ఈ భేదాన్ని తెలంగాణ నాయకుడికీ ఆంధ్ర నాయకుడికీ మధ్య తగవుగా తేల్చే ధోరణి ఒకటి ఉంది. అది నిలవదు. విరమణతో విభేదించిన భీమిరెడ్డి నరసింహారెడ్డి నల్లగొండ జిల్లా బిడ్డే.

అసలు భేదం సెప్టెంబరును ఏ తిరిగిరాకగా చదువుతున్నారన్న దానిలో ఉంది. నారాయణరెడ్డి కథనంలో సెప్టెంబరు 1948 రజాకార్ల పీడ విరగడైన మాసం. దూరాన తలదాచుకున్నవాళ్లు ఊపిరి పీల్చుకుని ఇల్లు చేరగలిగిన మాసం. సుందరయ్య కథనంలో అదే మాసం సైనికుల వెనుక దేశముఖులు గడీలకు మళ్లిన మాసం. రెండూ జరిగాయి. కొన్ని ఊళ్లలో ఒకే వారంలో ఒకే బాట మీద జరిగి ఉంటాయనుకోవడం ఊహకు అందని విషయం కాదు. ఒకరు తిరిగివచ్చిన సంఘం కుటుంబాలను లెక్కించారు, మరొకరు తిరిగివచ్చిన దొరలను లెక్కించారు. సంధివాదిగా నారాయణరెడ్డి రచన బలమూ బలహీనతా ఇక్కడే ఉన్నాయి. ప్రజలు అలసిపోయారన్న గుర్తింపు ఆ గ్రంథంలోని అత్యంత మానవీయమైన అంశం. విప్లవ సాహిత్యం సాధారణంగా ఒప్పుకోని మాట అది. అన్నం పెట్టిన ఇల్లే కాలిపోతున్నప్పుడు నాయకుడి పట్టుదలకు మూల్యం చెల్లించేది ఎవరన్న ప్రశ్నను అడగడానికి ఆ రోజుల్లో గుండెనిబ్బరం కావాలి. కాని తిరిగివచ్చిన రైతు తాను దున్నిన చెలకకు తిరిగి వచ్చాడా, లేక మళ్లీ దొర వాకిట్లోకి వచ్చాడా అన్న విషయం దగ్గర కథనం వేగం పెంచుతుంది. జాగీర్ల రద్దు 1949లో జరిగింది, కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. రక్షిత కౌలుదారు అన్న మాట పహాణీల్లోకి ఎక్కింది. ఇవన్నీ పోరాట ఫలితాలేనని చెప్పుకునే హక్కు నారాయణరెడ్డికి ఉంది. చట్టానికీ చెలకకూ మధ్య ఉన్న దూరాన్ని మాత్రం ఆయన శైలి కొలవదు. సంస్థల భాషలో నడిచే వచనం కావడంతో తీర్మానాలు, సభలు, కమిటీలు దానికి సులభంగా లొంగుతాయి. ఒక కుటుంబం ఇంటికి చేరడం లొంగదు. బొల్లేపల్లి నారాయణరెడ్డికన్నా మహాసభ అధ్యక్షుడే ఆ పుటల్లో ఎక్కువగా కనిపిస్తాడు.

తిక్కన ఉద్యోగపర్వం ఈ సందర్భంలో గుర్తుకురావడం సహజం. తెలుగు పల్లెల్లో సంధి అంటే మొదట స్ఫురించేది కృష్ణరాయబారమే. తిరుపతి వేంకటకవుల నాటకాలు దానిని అక్షరం రానివారి నోటికి కూడా చేర్చాయి. అరణ్యవాసమూ అజ్ఞాతవాసమూ ముగించి వచ్చినవారు అర్ధరాజ్యం నుంచి అయిదూళ్లదాకా దిగివచ్చి అడుగుతారు. ఆ కథలో శాంతి ఒక సద్భావన కాదు. దానికి ఊళ్ల లెక్క ఉంది. ద్రౌపది తన విరబోసిన జుట్టును గుర్తుచేసే ఘట్టం వల్ల, భూమి లెక్క సరిపోయినా తీరని బాకీ ఒకటి మిగిలి ఉన్నదన్న సంగతీ ఆ కథకు తెలుసు. నారాయణరెడ్డి సంధివాదంలో ధర్మరాజు సంయమనం నిండుగా ఉంది. ఊళ్ల లెక్క అస్పష్టంగా ఉంది. తీరని బాకీ గురించి దాదాపు ఏమీ లేదు.

లెక్క చెప్పిన సంధి వేరొకచోట, వేరొకరి నోట వినిపించింది. 1951 ఏప్రిల్‌లో శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వచ్చిన వినోబా భావే హైదరాబాదు జైలులో కమ్యూనిస్టు ఖైదీలను కలిసి, తర్వాత నల్లగొండ పల్లెల్లోకి నడిచాడు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులను మీకేమి కావాలని అడిగితే వారు శాంతి కావాలని అనలేదు. నలభై ఎకరాల తరి, నలభై ఎకరాల ఖుష్కి, మొత్తం ఎనభై ఎకరాలు చాలునన్నారు. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచాడు. ఈ ఘట్టం భూదానోద్యమ సాహిత్యంలో దాత హృదయపరివర్తన కథగా స్థిరపడింది. అందులో అడిగినవారి గణితం మరుగునపడింది. తరి ఎంత, ఖుష్కి ఎంత అని విడదీసి చెప్పగలిగిన సమూహానికి ఆ లెక్క ఆ సాయంత్రమే తట్టి ఉండదు. నాలుగైదేళ్లుగా చుట్టుపక్కల ఊళ్లలో సంఘం భూములు పంచుతుంటే చూసిన కళ్లకే అట్లాంటి నిర్దిష్టత అబ్బుతుంది. వినోబా శాంతికీ సంఘం పోరాటానికీ మధ్య ఉన్న ఈ బంధుత్వాన్ని రెండు పక్షాల రచయితలూ ఇష్టపడలేదు. సర్వోదయులకు పోచంపల్లి హింసకు విరుగుడు, కమ్యూనిస్టులకు అది పోరాటంపై చల్లిన నీళ్లు. అడిగినవారి వైపునుంచి చూస్తే మాత్రం తుపాకి నీడలో నేర్చుకున్న లెక్కనే వారు గాంధేయుడి ముందు అప్పజెప్పారు. నారాయణరెడ్డి అన్వేషించిన మధ్యమార్గానికి ఇంతకన్నా దగ్గరి దృష్టాంతం ఆయన సొంత జిల్లాలోనే ఉంది. భూదానంగా వచ్చిన భూమిలో సాగుకు పనికిరానిది, కాగితం దాటనిది ఎంతో ఉన్నదన్న చేదునిజం తర్వాతి దశాబ్దాల్లో తేలింది గనుక ఈ పోలికను అతిగా సాగదీయనవసరం లేదు.

1952 ఎన్నికల్లో ప్రజాస్వామ్య ఐక్య సంఘటన తరఫున నల్లగొండనుంచి నారాయణరెడ్డి మూడు లక్షల పైచిలుకు ఓట్లతో లోక్‌సభకు ఎన్నికైన విషయం సుప్రసిద్ధం. నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయన్న మాట ఆయన పేరు వెంట విశేషణంలా నడుస్తున్నది. నల్లగొండ, నెహ్రూ నిలబడిన స్థానం రెండూ ద్విసభ్య నియోజకవర్గాలే గనుక పోలిక సబబైనదే. ఆ ఓటు విరమణకు ఆమోదమా, పోరాటానికి కృతజ్ఞతా అన్నది తేలే విషయం కాదు. స్మృతిగ్రంథం దానిని మొదటి అర్థానికి దగ్గరగా వాడుకుంటుంది. పోరాటం చేయకుండా విరమించమని మాత్రమే చెప్పిన మనిషికి అన్ని ఓట్లు పడేవా అన్న ఎదురుప్రశ్నకు అక్కడ చోటు లేదు.

సంధి చెప్పేవాడికి ఉండవలసిన అర్హత ఏమిటన్న చర్చకు తర్వాతి కాలంలో ఇంకొక ఉదాహరణ ఉంది. 1997లో ఎస్.ఆర్. శంకరన్ సారథ్యంలో ఏర్పడిన పౌర స్పందన వేదిక ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు సాగేందుకు ఏళ్లతరబడి కృషి చేసింది. 2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదులో జరిగిన చర్చలకు ప్రతినిధులు నల్లమలనుంచి బయటికి వచ్చారు. పాలమూరు దక్షిణపు అంచు కూడా ఆ అడవే. చర్చలు కొద్దినెలల్లో భగ్నమయ్యాయి. అయినా భూమి ప్రశ్న బల్ల మీదికి వచ్చింది. కోనేరు రంగారావు భూకమిటీ ఆ వాతావరణంలోనే పుట్టింది. శంకరన్ ఏ పక్షాన ఆయుధం పట్టినవాడు కాదు. వెట్టి రద్దు, దళితుల భూమి విషయాల్లో పాలనాధికారిగా చేసిన పని ఆయనకు ఇరుపక్షాల చెవినీ సంపాదించింది. నారాయణరెడ్డికి ఉన్న అర్హత దానికి భిన్నమైనది: తాను ఆపమంటున్న దానిని తానే మొదలుపెట్టాడు. అటువంటి గొంతుకు సొంతవారి మధ్య ద్రోహి అన్న పేరు తప్పదు. ఆ నింద మోయడంలో ఆయన రచన సంయమనం పాటించింది. ప్రత్యర్థులను వ్యక్తులుగా తూలనాడడంకన్నా విధానాన్ని తప్పుపట్టడమే అందులో ప్రధానం. పోరాట స్మృతుల్లో ఇది అరుదైన సుగుణం.

పైన చెప్పిన మూడవ తెగ, ముస్లిం కుటుంబాలు, ఈ వాదప్రతివాదాల్లో దాదాపు అదృశ్యం. సైనికచర్య తర్వాతి హింసను విచారించడానికి 1948 చివరలో పర్యటించిన సుందర్‌లాల్ బృందం మృతుల సంఖ్యను 27 వేలనుంచి 40 వేలవరకు అంచనా కట్టింది. బాధితులు ఎక్కువగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల వారు. నివేదిక మాత్రం దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. తెలుగులో ఈ విషాదాన్ని తాకినది రాజకీయ స్మృతులు కావు, కథ. నెల్లూరి కేశవస్వామి ‘యుగాంతం’ సైనికచర్య నాటి హైదరాబాదును మతాల మధ్య తెగిపోతున్న స్నేహాల వైపునుంచి చూసింది. రజాకార్లను ఎదిరించిన పోరాటానికి మఖ్దూం నాయకుడనీ, విస్నూరు దొర హిందువనీ తెలిసిన నారాయణరెడ్డి వంటి రచయిత ఈ మూడవ తిరిగిరాక గురించి విస్తరించి ఉంటే ఆయన సంధివాదానికి పార్టీ వ్యూహాన్ని మించిన వ్యాప్తి దక్కేది.

మిగిలింది ఇంటి ప్రశ్న. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో పోరాటంలో పనిచేసిన స్త్రీల మౌఖిక కథనాలు ఉన్నాయి. దళంలో తిరుగుతూ పసిబిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టి వచ్చిన కమలమ్మ కథ వాటిలో ఒకటి. నాయకుల స్మృతుల్లో విరమణ ఒక తీర్మానంగా, తేదీగా వస్తుంది. ఈ స్త్రీల మాటల్లో అది ఇళ్లకు వెళ్లిపొమ్మన్న ఆదేశంగా వస్తుంది. పెళ్లిచేసుకుని స్థిరపడమన్నారు, చేసిన పనికి కొనసాగింపు చూపలేదు. ఆయుధం దించడం తప్పా ఒప్పా అన్న వాదంలోకి వీరు అంతగా దిగరు. దళంలో సమానంగా నడిచిన మనిషి ఏ ఇంటికి, ఎవరి ఇంటికి, ఏ హోదాతో వెళ్లాలి అన్నది వారి ప్రశ్న. రాజక్కగా అడవుల్లో పనిచేసిన మల్లు స్వరాజ్యం తర్వాత శాసనసభకు వెళ్లగలిగింది. 2019లో వచ్చిన ‘నా మాటే తుపాకీ తూటా’లో ఆమె గొంతు తగ్గలేదు. అందరికీ అట్లా కుదరలేదు. ‘వీర తెలంగాణ’ను ఈ మౌఖిక కథనాల పక్కన పెట్టి చదివితే, నారాయణరెడ్డి ప్రజలు ఇంటికి చేరాలని వాదించిన చోట ‘ఇల్లు’ అన్న మాట ఎంత సందేహం లేకుండా వాడాడో కనిపిస్తుంది. బొల్లేపల్లి పెద్దింటి కొడుక్కి ఆ మాటకు నిర్వచనం అక్కరలేదు. కౌలు పోయిన రైతుకూ, ఊరు విడిచిన ముస్లిం కుటుంబానికీ, బిడ్డను వదిలి దళంలో తిరిగి 1951 అక్టోబరులో తుపాకి అప్పగించిన స్త్రీకీ అక్కర ఉంది.